కాగితం లేని దేశం

చర్ల మండలం,
జూన్ 18.

జోయెల్ సార్‌కు నమస్కారం.

బ్రిటన్ రాజ్యాంగ మూలాల మీద మీరిచ్చిన అసైన్‌మెంట్ గడువులోగా ఇవ్వలేను. తప్పు నాదే, ఇంట్లో పైకి చదివాను.

ఆ దేశానికి ఒకే పుస్తకంగా రాసిన రాజ్యాంగం లేదని, చాలా సంగతులు ఆనవాయితీ మీదే నడుస్తాయని మా అమ్మమ్మ పుల్లమ్మకు చెప్పాను. రాసిన చట్టాలు కూడా ఉన్నాయని చెప్పేలోపే ఆమె చెప్పులేసుకుంది. పట్టా చూపేదాకా మా పోడు చేనులో విత్తనం వేయొద్దన్న ఫారెస్టు ఆఫీసుకే నేరుగా పోయింది.

"గంత పెద్ద దేశమే కాగితం లేకుండ నడుస్తుందంట. నా మూడెకరాలకు కాగితమేంది? ప్రతి విత్తనాల పండుగకు ఊరంతా నిలబడి హద్దు చూస్తది, చాలదా?" అని నిలదీసింది.

"నీకెవరు చెప్పిండ్రు?" అని ఆఫీసరు అడిగితే నా పేరు చెప్పింది, నన్నూ పిలిపించారు. నాలుగు రోజులుగా ఆ ఆఫీసు బెంచీ మీదే నా చదువు. చెప్పిందే చెప్పి నోరు నొప్పెడుతోంది. నిన్న ఆఫీసరు, "నిజమే అయితే కాగితం పట్టుకురా" అన్నాడు.

గడువు పెంచకపోయినా సరే సార్. ఆ దేశానికి కాగితం లేదని కాలేజీ ముద్ర వేసి ఒక కాగితం జల్దీ పంపండి. వానలు పడ్డాయి. అమ్మమ్మ విత్తనాల గంపతో ఆఫీసు మెట్ల మీదే కూర్చుంది.

మీ విద్యార్థిని,
ఎల్ఎల్‌బీ రెండో సంవత్సరం