ఉయ్యాల కట్టిన చీర

నందిగామ, సోమవారం

అమ్మా, నిన్న జగ్గయ్యపేట నుంచి చీకటి పడకముందే చేరాను, కంగారు పడవద్దు.

నన్ను చూసి పాప జడుసుకుని నీ కొంగు చాటుకి పోయిందే, అదే కళ్ళల్లో మెదులుతోంది. "మొహం మర్చిపోయింది, అలవాటవుద్దిలే" అన్నావు. నేనెత్తుకుంటే గుక్కపట్టిన పిల్ల, నా పాత చీరతో కట్టిన ఉయ్యాలలో వెయ్యగానే అంచు పట్టుకుని నిద్రపోయింది. కన్నదాన్ని, పక్కనే నిలబడి ఉన్నాను. ఇక్కడ బళ్ళో ఊరివాళ్ళ పిల్లలు టీచరుగారూ అంటూ చుట్టుకుంటుంటే ఒళ్ళు మండుతోంది. ఉద్యోగం మానితే జరగదు, పాపను తెచ్చుకుంటే చూసేవాళ్ళు లేరు.

దానికి దగ్గు తగ్గిందా? ఆవుపాలు పడుతున్నాయా? నాన్నగారికి నమస్కారాలు.

ఆ చీర మాత్రం ఉతకవద్దు, నా వాసన పోతుంది. వచ్చే ఆదివారం ఉయ్యాల విప్పి నేనే కట్టుకుంటాను. అప్పుడైనా నా దగ్గరికి వస్తుందేమో.

వసుమతి