అమ్మ విస్తరిలో వరిబువ్వ

పుణె

చెల్లె జములమ్మకు, నీ అన్న తిమ్మన్న దీవించి, ఎవరితోనూ రాయించకుండా తన చేత్తోనే రాస్తున్న జాబు. ఇక్కడ నేను, నా బిడ్డ సుజాత, నీ కొడుకు మల్లేశు ముగ్గురమూ బాగున్నాము. అక్కడ నువ్వు, బావ, గొడ్డూ గోదా చల్లగా ఉండాలని రోజూ పొద్దున ఈ దిక్కు నుంచే బీచుపల్లి ఆంజనేయునికి దండం పెడుతున్నాను. నీ మోకాలు ఎలా ఉంది? బావ దగ్గు తగ్గిందా? సీడు పత్తిలో పూలు క్రాసింగు చేసే కూలీలు దొరికారా, లేక నువ్వే మోకాలు పట్టుకుని సాళ్లలో తిరుగుతున్నావా? బర్రె ఈనిందా? ఈనితే దూడ ఏదో తెలియజెయ్యి.

నీకు చదువు రాదు కాబట్టి ఇది బావ చదివి వినిపిస్తాడు. బావా, నీ కొడుకు మాట వచ్చిన చోట దాటేయకు. ఉన్నది ఉన్నట్టు చదువు.

ఫోను ఉండగా ఉత్తరం ఎందుకంటావు. ఫోనులో నాకు మాట రాదు, నీకు తెలుసు. ఆదివారం నువ్వు ఫోను చేసి "అన్నా, మల్లేశు నీ మంచికే చెప్పిండు. ఒక్కసారి తప్పయిందను, అయిపోతది" అన్నావు. నేను "ఊ" అన్నాను. పక్కన సుజాత నిలబడి ఉంది, ఇంకేమంటాను? ఆ "ఊ" నీ మాట విన్నానని అన్నది. ఒప్పుకున్నానని కాదు. నేను తప్పయిందని అనను. ఎందుకు అననో చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు ఇక్కడి సంగతి రాస్తాను. ఇటిక్యాలలో బస్సెక్కించేటప్పుడు నువ్వు ఏడ్చావు కదా, అంత ఏడవాల్సింది ఏమీ లేదు. ఇల్లు నాలుగో అంతస్తు. దిగడానికి బాగుంది, ఎక్కడానికే మోకాళ్లు పట్టుకుంటాయి. ఇక్కడ వాన ఆగదు. మన దగ్గర మబ్బు పడితే సంతోషం, ఇక్కడ ఎండ పడితే సంతోషం, బట్టలు ఆరుతాయి. పొద్దున మల్లేశు బండి మీద తీసుకుపోయి వాడు ఇళ్లు కట్టిస్తున్న చోట దింపుతాడు. ఇనుము, సిమెంటు దగ్గర కూర్చుంటాను. అదే నా పని. నాగర్‌కర్నూలు దిక్కు నుంచి వచ్చిన కూలీలు ఉన్నారు. వాళ్లు "ఏం పెద్దయ్యా, తిన్నవా" అంటే ఆ పూటకు ప్రాణం లేచి వస్తుంది. మిగతావాళ్ల భాష నాకు తెలియదు, నా భాష వాళ్లకు తెలియదు. ఇంటి కింద కిరాణం కొట్టు నడిపే ఆమె రాయచూరు మనిషి. నేను పోగానే "ఏనజ్జా, ఊట ఆయ్తా?" అని అడుగుతుంది, తిన్నావా తాతా అని. నాకు వచ్చిన నాలుగు కన్నడ ముక్కలు ఇన్నేళ్లకు పనికి వచ్చాయి.

అందరూ తిన్నావా అనే అడుగుతారు. ఏం తిన్నావని ఎవరూ అడగరు. అది రాస్తాను.

నీ కొడుకును ముందు మెచ్చుకుంటాను, తర్వాత తిడతాను. పోయిన ఎండాకాలం వాడు పని దగ్గర కళ్లు తిరిగి పడ్డాడు కదా. షుగరు అన్నారు. నేను వచ్చాక నాకూ సూది గుచ్చి చూశారు. నాకూ ఉందన్నారు. ఆనాటి నుంచి ఇంట్లో బియ్యం లేవు. చక్కెర లేదు, బెల్లం లేదు. నువ్వు సీసాలో పోసి ఇచ్చిన బర్రె నెయ్యి పై అరలో పెట్టారు, దేవుని దీపానికట. తినేది ఒక పూట కొర్రలు, ఒక పూట అండుకొర్రలు. కూరలో నూనె ఎక్కడుందో వెతుక్కోవాలి.

మొదటి రోజు కంచం ముందు పెట్టి మల్లేశు, "మామా, గివి బంగారం. మీ కాలం తిండి. గందుకే మీరు గింత గట్టిగున్నరు" అన్నాడు. ఆ కొర్రలు అద్దంలాంటి సంచిలో వస్తాయి, మీద పచ్చని ఆకు బొమ్మ ఉంటుంది. మన కొర్రలకు బొమ్మ ఎక్కడిది? అమ్మ రోట్లో దంచి, చేటతో చెరిగి, పొట్టు కళ్లలో పడితే కొంగుతో తుడుచుకుని వండేది. అవి అయిపోతే జొన్న గట్క. అదీ అయిపోతే నీకు గుర్తున్నదే.

అయినా కొర్రలు చెడ్డవని నేను అనను. నీ కొడుకు పొట్ట తగ్గింది, నా అరికాళ్ల మంట తగ్గింది. అది నిజం. పెట్టింది పెట్టినట్టు తింటున్నాను. ఒక్కనాడు వంక పెట్టలేదు. గోలీ ఇస్తే గోలీ మింగుతున్నాను, నడవమంటే నడుస్తున్నాను. ఇది కూడా బావ గట్టిగా చదవాలి, మళ్లీ నేను మొండివాడినని మీ ఇద్దరూ అనుకోకుండా.

ఇక పెత్రమాస సంగతి. పెద్దలకు పెట్టే అమావాస్య కదా, ఏటా మన ఇంట్లో నువ్వూ నేనూ కలిసి అమ్మకు పెట్టేవాళ్లము. ఈసారి నేను ఇక్కడ ఉన్నాను, కొడుకును నేనే కాబట్టి ఇక్కడే పెట్టాలి. అల్లుని ఇంట్లో ఎలా అడగాలా అని వారం రోజులు నోరు మెదపలేదు. సుజాతే అడిగింది: "నాయినా, నానమ్మకు ఈడనే పెడదమా?" మల్లేశు కూడా "పెడదాం మామా, నాకు అమ్మమ్మనే గద" అన్నాడు. నాకు కడుపు నిండిపోయింది. ఇద్దరూ కలిసి బజారుకు పోయి అరటాకు తెచ్చారు.

నేను స్నానం చేసి, కొత్త తువ్వాలు భుజాన వేసుకుని కూర్చున్నాను. సుజాత విస్తరి తెచ్చి ముందు పెట్టింది. చూశాను. కొర్రబువ్వ, ఉడకబెట్టిన కూరగాయలు, నల్లని పూర్ణంతో రెండు పోలెలు.

"ఏంది బిడ్డా గిది?" అన్నాను.

సుజాత మల్లేశు ముఖం చూసింది.

"కొర్రబువ్వ మామా" అన్నాడు వాడు. "అమ్మమ్మ జిందగీ అంత గిదే తిన్నది గద. ఆమెకు అలవాటైన తిండే పెడుతున్నం. పోలెలు గూడ బెల్లం లేకుంట ఖర్జూరంతోని చేపిచ్చిన."

వాడి ముఖంలో ఎగతాళి లేదు. నిజంగానే మంచి పని చేశాననుకున్నాడు, పొంగిపోతున్నాడు. అందుకే నాకు ఇంకా కోపం వచ్చింది.

జములమ్మా, అమ్మ జిందగీ అంతా కొర్రలు ఎందుకు తిన్నది? పండుగకు చారెడు బియ్యం వండితే అది మన ఇద్దరికీ పెట్టి, తాను కొర్రబువ్వ ముందు వేసుకుని, "నాకు వరిబువ్వ పడది బిడ్డా, కడుపు ఉబ్బుతది" అనేది. మనం నమ్మాము. నమ్మి మారు పెట్టమన్నాము. చివరికి మంచంలో పడ్డప్పుడు ఏం తింటావమ్మా అని అడిగితే ఏమన్నది? "వరిబువ్వల నెయ్యేసుకొని, బెల్లం నంచుకొని, కడుపు నిండ" అన్నది. ఎక్కడెక్కడో అడిగి తెచ్చి వండాము. రెండు ముద్దలు తిని, ఇక చాలని చెయ్యి కడిగేసింది. తినే సత్తువ అప్పటికి లేదు. కోటా బియ్యం మన ఇంటికి వచ్చేనాటికి ఆమే లేదు. అందుకే కదా ఏటా వరిబువ్వ కుప్పగా పెట్టి, నడుమ గుంత చేసి నిండా నెయ్యి పోసి, పక్కన బెల్లం పెట్టేది. ఆ ఆకు మీద కొర్రలా?

"తియ్" అన్నాను.

"ఏంది మామా?"

"ఇస్తరి తియ్. లేక తిన్నది కొర్రలు. సచ్చినంక గూడ కొర్రలేనా?"

మల్లేశు మెల్లగా, "ఇంట్ల బియ్యం లేవు మామా" అన్నాడు.

"తెస్త."

వానలో తువ్వాలు నెత్తిన వేసుకుని నాలుగు అంతస్తులు దిగాను. రాయచూరు ఆమె "ఏనజ్జా, ఇంథా మళ్యాగ?" అన్నది, ఇంత వానలో ఏమిటని. నాకు వచ్చిన కన్నడలో "తాయిగె అక్కి" అన్నాను, తల్లికి బియ్యమని. నా వయసు చూసి ఏ తల్లి అని ఆమె అడగలేదు. వాళ్లకూ ఆ రోజు పెద్దల అమావాస్యే. బియ్యం, బెల్లం కట్టి ఇచ్చింది.

పైకి వచ్చి నేనే పొయ్యి ముందు నిలబడ్డాను. ఎప్పుడూ ఆ వంటింట్లో నేనుగా అడుగు పెట్టినవాడిని కాను. కుక్కరు వద్దని గిన్నెలో ఎసరు పెట్టి, ఉడికాక గంజి వార్చాను. ఆ వాసనకు సుజాత దగ్గరికి వచ్చి నిలబడింది. స్టూలు ఎక్కి నెయ్యి సీసా దింపింది. పోలెలు నాకు చేతకావు, అవి లేకుండానే పెట్టాను. వరిబువ్వ, నెయ్యి, బెల్లం.

దండం పెట్టుకున్నాక మల్లేశు అన్నాడు: "పెట్టినవ్ గద మామా, మంచిగైంది. గిప్పుడు కాకికి పెడదాం. నువ్వు తినకు."

మన ఇంటి పద్ధతి వాడికి ఎవరూ చెప్పినట్టు లేదు. పెట్టిన కొడుకు ఆ విస్తరిలోదే మొదట తినాలి, అప్పటిదాకా ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టరాదు కదా.

"మీ అమ్మమ్మ ఏ నోటితోని తినాలె మరి? నా నోటితోనే తింటది" అన్నాను.

"రేపు నువ్వు దవాఖానల పడితే మోసేదెవరు? నేనే మొయ్యాలె."

"మొయ్యి. మేనల్లునివి, అల్లునివి. నువ్వు గాక ఇంకెవల్ని పిలుస్త?"

సుజాతకు నవ్వు వచ్చి కొంగు అడ్డం పెట్టుకుంది. నీ కొడుకుకు రాలేదు.

నేను తిన్నాను. గుంతలో నెయ్యి అంతా కలుపుకుని, బెల్లం నంచుకుంటూ తిన్నాను. దొంగచాటుగా కాదు, నీ కొడుకు ఎదురుగానే. అమ్మ ఆగిన రెండు ముద్దల దగ్గర ఆగలేదు. ఆకు ఖాళీ అయ్యేదాకా తిన్నాను. తర్వాత సుజాత పెట్టుకుని తిన్నది. మల్లేశు కొర్రబువ్వ డబ్బాలో వేసుకుని పనికి వెళ్లిపోయాడు. అక్కడి నుంచే నీకు ఫోను చేశాడు. ఆ తర్వాతే నువ్వు నాకు చేశావు.

మర్నాడు మిషనులో చూస్తే షుగరు పెరిగింది. దాచను. మల్లేశు ఆ మిషను నా ముందు పెట్టి "చూసినవా?" అన్నాడు. "చూసిన" అన్నాను. అంతే. ఆ పూట నుంచే మళ్లీ కొర్రలు తింటున్నాను. తర్వాత దిగింది. దిగింది కాబట్టి నాదే ఒప్పు అనడం లేదు. దిగకపోయినా నా మాట ఇదే.

నాలుగైదు రోజులు ఇద్దరికీ మాటలు లేవు. బండి మీద వాడి వెనకాలే కూర్చుని పోయేవాడిని, వాడి వీపు చూస్తూ. మొన్న మాత్రం పని దగ్గర వచ్చి నా పక్కన సిమెంటు సంచుల మీద కూర్చున్నాడు. సుజాత ఏం చెప్పిందో ఏమో.

"మామా, అమ్మమ్మ వరిబువ్వ నిజంగ కడుపు నిండ తిన్లేదా?"

"మీ అమ్మనడుగు" అన్నాను. "నేను చెప్తే నెయ్యి కోసం చెప్తున్ననంటవ్."

వాడికి ఆ రోజు నవ్వు వచ్చింది. అయినా తప్పయిందని నేనూ అనలేదు, వాడూ అనలేదు.

కాబట్టి వాడు నీకు ఫోను చేస్తాడు. ఉన్నది చెప్పు. గిన్నె అడుగు నువ్వూ నేనూ గీక్కుని తిన్నది చెప్పు. కడుపు ఉబ్బుతుందని అమ్మ అన్న మాట చెప్పు. ఇవన్నీ నీ నోటితో చెప్పిన తర్వాత కూడా నేను తప్పయిందనాలని నీకు అనిపిస్తే, మళ్లీ నాకు ఫోను చెయ్యి. ఈసారి "ఊ" కూడా అనను.

చిన్నాయనకు నా దండాలు చెప్పు. మంచంలోంచే నన్ను దీవించమను. ఇక్కడ పనిచేస్తూ దసరాకు ఊరికి వచ్చే గద్వాల పిల్లల చేతికి ఎండబెట్టిన చింతచిగురు ఇచ్చి పంపు. అందులో నూనె లేదు, నీ కొడుకు ఏమీ అనడు. మోకాలికి కాపడం పెట్టుకో. బావను చుట్ట మానమను, నేను చెప్పానని చెప్పు.

చివరి మాట. నాకు కొడుకు లేడు. నేను పోయాక పెత్రమాసకు నా విస్తరి వేసేది మల్లేశే. అందుకని ఇప్పుడే రాసి పెడుతున్నాను, బావా, ఇది వాడికి ఫోనులో చదివి వినిపించు. నాకూ వరిబువ్వే పెట్టాలి. కుప్పగా పెట్టి, నెయ్యి పోసి, బెల్లం పెట్టాలి. పోలెలు చేస్తే బెల్లంతో చెయ్యాలి. పెట్టినవాడు మొదట తినాలి, ఆకు ఖాళీ అయ్యేదాకా తినాలి. ఆ పూట వాడు మిషను ముట్టవద్దు. కొర్రలు పెడితే నేను గడప దాటి లోపలికి రాను.

ఇక్కడికి ఆపుతున్నాను. అందరికీ నా దీవెనలు.

నీ తోడబుట్టిన
తిమ్మన్న