మలుపు కాడ ఆగిన ఆటో

బాపూ, అన్నం కుక్కర్ల ఉంది. పచ్చిపులుసు చేసి మూతపెట్టిన. ఆటో ఛార్జింగ్ నిండంగనే వైరు తీసెయ్యి. నీ ఖాకీ అంగీ ఉతికి దండెం మీద ఆరేసిన.

నిన్న అడాజన్‌ల కాలేజీ గేటు కాడ ఆటో బుక్ చేస్తే ఫోన్ల నీ ఫోటోనే వచ్చింది. పక్కన దోస్తులున్నరు. బట్ట నేసే సాంచల చప్పుడుకు చెవులు పోతున్నయని నువ్వు కార్ఖానా ఇడిచి బ్యాటరీ ఆటో పట్టిన సంగతి వాళ్లకు చెప్పలేదు. సిగ్గనిపించి క్యాన్సిల్ కొట్టిన. అప్పటికే నువ్వు మలుపు కాడికి వచ్చినవు. జరసేపు ఆగి, మళ్లుకొని పోయినవు. నేను వాళ్ల వెనుక దాక్కున్న.

నీ ఫోన్ల నా పేరు కనిపించే ఉంటది. అయినా రాత్రి అన్నం కాడ అమ్మతోని, “ఎవరో పిల్ల పిలిచి వద్దన్నది. ఏం తొందర పడ్డదో పాపం” అన్నవు. నా దిక్కు చూడనే లేదు. తిట్టినా బాగుండు. నీకు ముఖం చూపెట్టలేక, నువ్వు లేవకముందే పోతున్న.

ఇయ్యాల నేను బుక్ చెయ్యను. కాలేజీ ఇడిచే యాళ్లకు నువ్వే రా. దోస్తులు కూడ ఎక్కుతరు. మా బాపు అని నేనే చెప్త.

అఖిల

అంగీ మార్చుకోకు, ఖాకీదే ఏసుకో. మలుపు కాడ ఆగకు బాపూ, గేటు దాక రా.