పూజకు ఆగిన స్టిరర్

సెప్టెంబర్ 27, శనివారం

నారాయణగూడ ల్యాబ్‌లో పెద్ద పాత్ర మొదలుపెట్టాం. లోపల ఇసుకంత సన్నని పూసలు, వాటిని పట్టుకుని పెరిగే కణాలు. కలియబెట్టే స్టిరర్ నెమ్మదిగా తిరిగినంతసేపూ పూసలు తేలుతుంటాయి. ఆగితే అడుగున గడ్డకడతాయి. జోరుగా తిరిగితే ఆ ప్రవాహమే కణాలను పూసల మీంచి గీకేస్తుంది. ఈ బ్యాచ్ బాగా వస్తేనే నా జూనియర్ నవత కాంట్రాక్ట్ రెన్యూ చేస్తారట. నా రెన్యువల్ కూడా ఈసారే ఉంది. సీనియర్‌ని కాబట్టి నాకు బెంగ లేదు.

అక్టోబర్ 1, బుధవారం

ఆయుధపూజ. ఇంక్యుబేటర్‌కు బంతిపూల దండ, సెంట్రిఫ్యూజ్‌కు బొట్టు. తిరుగుతున్న మెషిన్‌కు పూజేందమ్మా, బంద్ చెయ్యండి అన్నారు డైరెక్టర్ దమయంతి మేడమ్. ఆపితే పూసలు కూర్చుంటాయని చెప్పాను. అరగంటల ఏం కాదు, ఏడాదికోసారి దానికి గూడ జర రెస్ట్ ఇద్దాం అన్నారు. నవత నా మొహం చూసింది. నేను దండ సర్దడంలో పడ్డాను. తనే స్విచ్ ఆపింది.

పూజ చేయాల్సిన అయ్యగారు ఫ్లైఓవర్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారు. అరగంట కాస్తా గంటన్నర అయింది.

మధ్యాహ్నం

అడుగున తెల్లటి గడ్డ. దాన్ని విడగొట్టాలని మేనేజర్ జగదీశ్వర్ సార్ వేగం బాగా పెంచారు. వద్దు సార్, కణాలు ఊడిపోతాయన్నాను. పులిహోర తింటూనే, ఏం పరేషాన్ గాకు, నేను చూస్కుంట అన్నారు.

అక్టోబర్ 3, శుక్రవారం

మైక్రోస్కోప్‌లో పూసలు అద్దాల్లా మెరుస్తున్నాయి. వాటి మీద ఒక్క కణం లేదు.

అక్టోబర్ 6, సోమవారం

బ్యాచ్ ఎందుకు పోయిందో రిపోర్ట్ నన్ను రాయమన్నారు జగదీశ్వర్ సార్. షిఫ్ట్‌లో ఉన్న ఆపరేటర్ స్పీడ్ తప్పు పెట్టిందని రాయాలట. షిఫ్ట్‌లో ఉన్నది నవత. పూజ సంగతి, మేడమ్ పేరు రావద్దన్నారు సార్. నీ రెన్యువల్ గూడ ఉన్నది గదమ్మా, ఆలోచించుకో అని మెల్లగా, ప్రేమగా చెప్పారు. ఒళ్లు మండిపోయింది.

సాయంత్రం చిక్కడపల్లిలో నవత, నేను చాయ్ తాగాం. ఏం రాస్తున్నవక్కా అని అడుగుతుందనుకున్నాను. రెజ్యూమె ఎట్ల రాయాల్నో జర చెప్పక్కా అంది. చాయ్ సగంలోనే వదిలేశాను.

అక్టోబర్ 8, బుధవారం

రాసేశాను. పూజ కోసం ఆపమన్నదెవరో, వేగం పెంచిందెవరో పేర్లతో సహా. ఈ కణాలకు ఆర్డర్ ఇచ్చిన క్లయింట్‌కు కూడా కాపీ పెట్టాను. సెండ్ నొక్కాక భయం వేసింది. బస్సెక్కాలనిపించక అశోక్‌నగర్ రూమ్‌దాకా నడిచే వచ్చాను.

అక్టోబర్ 13, సోమవారం

కార్డు పెడితే ల్యాబ్ తలుపు తెరుచుకోలేదు.

అద్దంలోంచి చూశాను. నవత కొత్త బ్యాచ్ మొదలుపెడుతోంది. తలెత్తలేదు. వేగం సరిగ్గానే పెట్టింది.