అట్టలు చూసి చెప్పేవాడు

నిజామాబాద్,
4-7-2004, ఆదివారం.

చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి ప్రమీలను నీ భర్త రాజనర్సు ఆశీర్వదించి రాయడం ఏమంటే, ఇక్కడ నేను క్షేమం. ఎప్పుడూ ‘మేమంతా క్షేమం’ అని రాసేవాణ్ణి. ఈసారి ఒక్కడి సంగతే రాశాను. ఎందుకో చదువుతూ పోతే నీకే తెలుస్తుంది. అక్కడ నువ్వు, అమ్మాయి, అల్లుడు, పురిటి గుడ్డు బాగున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. భివండీలో వాన నీళ్లు మగ్గాల షెడ్డులోకి వచ్చాయని, అమ్మాయికి నడుము నొప్పి ఇంకా తగ్గలేదని రాశావు. రెండో కాన్పు, పైగా ఆపరేషను. ఇంకో నెల ఉండి రా. నేనేమీ ఆకలితో చావడం లేదు. పక్కింటి వెంకటవ్వ బీడీల చాట ఒళ్లో పెట్టుకునే నా వంటను కనిపెడుతున్నది. మొన్న గిన్నెలోకి తొంగి చూసి, “గిది పప్పా రాజనర్సు, రేకు కారితే నిండిన నీళ్లా?” అన్నది. వంటింటి రేకు కారుతున్నదా అని నువ్వడిగిన దానికి కూడా అదే జవాబు. దగ్గు అట్లాగే ఉంది. మందు వేసుకుంటున్నాను, అబద్ధం కాదు.

మిగిలినవన్నీ నీ తమ్ముడు లింగం గురించిన ప్రశ్నలు. మన పుస్తకాల దుకాణానికి ఏ సాఫ్ట్‌వేర్ కొన్నారు, తమ్ముడు ఫోనులో చెప్పిన కూత పెట్టేదేనా, వాడికి చేయి తిరిగిందా, వాడు నీతో ఫోనులో మాట్లాడి మూడు వారాలవుతున్నది ఎందుకు అని అడిగావు. ఈ జవాబుల కోసమే రెండుసార్లు ఎస్టీడీ బూతుకు పోయాను. నీ గొంతు వినగానే పాప పాలు తాగుతున్నదా అని అడిగి పెట్టేశాను. ఫోనులో నోరు రాలేదు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను. కూర్చుని చదువు.

నువ్వు పోయిన వారానికే, మే నెల మొదట్లో సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు ఇద్దరు వచ్చారు. ఒకాయన హైదరాబాద్ నుంచి. ఆయన సాఫ్ట్‌వేర్‌లో ప్రతి పుస్తకానికి నల్ల గీతల స్టిక్కరు అంటించాలి. తుపాకీ లాంటి దాన్ని ఆ గీతల మీద పెట్టి నొక్కితే కుయ్యిమని కూత పెడుతుంది. పుస్తకం పేరు, ధర తెర మీదికి అవే వస్తాయి, అమ్మింది పోను షెల్ఫులో ఎన్ని మిగిలాయో కూడా చెబుతుంది. రెండో ఆయన ఇక్కడే ఖలీల్‌వాడిలో కంప్యూటర్ సెంటర్ నడుపుతాడు. ఆయన దాంట్లో తుపాకీ లేదు. పుస్తకం పేరు ఇంగ్లీషులో రెండు మూడు అక్షరాలు కొడితే వరుసగా పేర్లు వస్తాయి. చదివి, కావలసిన దాని మీద నొక్కాలి.

హైదరాబాద్ ఆయన చూపించిన రోజు లింగం ఆ తుపాకీని వదలలేదు. ఆయన తెచ్చిన నాలుగు పుస్తకాలనే తిప్పి తిప్పి కొట్టాడు. కూత వచ్చినప్పుడల్లా నవ్వాడు. “బావా, గిది మనకు మంచిగుంటది. గిదైతే నేను గూడ కొడ్త” అన్నాడు. నలభై రెండేళ్ల మనిషి. అంత సంబరం వాడి ముఖాన నేను ఎప్పుడూ చూడలేదు.

నేను రెండోది కొన్నాను. మొదటిది మనకు అందని ధర అని లింగానికి చెప్పాను. ఆ మాట దగ్గరికి మళ్లీ వస్తాను.

ముందుగా నువ్వూ వాడూ నా దగ్గర దాచిన సంగతి చెప్పాలి. మీ అమ్మ పోయాక బోధన్ నుంచి వాణ్ణి తెచ్చి, “ఏడో తరగతి పాసైండు, దుకాణంల పెట్టుకో” అన్నావు. పదకొండేళ్ల కింది మాట. లింగానికి అక్షరం రాదని నాకు ఎనిమిదేళ్లుగా తెలుసు, ప్రమీలా. ఆ ఏడు సర్కారు పుస్తకాల అట్టలన్నీ మారాయి. బడులు తెరిచే ముందు రోజు నేను పొద్దున్నే పోయేసరికి పక్క కొట్లో బైండింగ్ చేసే గులాం మన దుకాణంలో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. లింగం ఒక్కో పుస్తకం ఎత్తి చూపిస్తున్నాడు, గులాం పేరు చదువుతున్నాడు. లింగం అట్ట మీద బొమ్మను కళ్లతో తాగి, పేరు మూడుసార్లు అనుకుని, షెల్ఫులో పెడుతున్నాడు. తెలుగు మీడియం, ఉర్దూ మీడియం, అన్నీ అట్లాగే. నేను చప్పుడు చేయకుండా వెనక్కి పోయి హోటల్లో చాయ్ తాగి వచ్చాను. ఆ మధ్యాహ్నానికి వాడు ఒక్కటి తప్పకుండా తీసి ఇచ్చాడు. చెరుకు యార్డులో పనిచేసేటప్పుడు ఎడ్లను చూసి బండి ఎవరిదో చెప్పేవాడని నువ్వు అనేదానివి కదా, ఇదీ అదే విద్య. ఒకే ఇంట్లో ముగ్గురం ఒకే సంగతిని ఒకరికి తెలియకుండా ఒకరం మోశాం.

కొత్త మిషన్ను కూడా వాడు అట్లాగే లొంగదీసుకున్నాడు. ఏ మీటలు నొక్కాలో, వచ్చిన పేర్లలో పైనుంచి ఎన్నో వరుసో గులాం దగ్గర నేర్చుకున్నాడు. ఏడో తరగతి లెక్కలు నాలుగో వరుస, సైన్సు ఏడో వరుస. మే నెలంతా తప్పు పోలేదు. ఖలీల్‌వాడి ఆయన కూడా, “మీ బామ్మర్ది నాకంటె జల్ది కొడ్తుండు సేఠ్” అన్నాడు.

బడులు తెరిచాక జూన్ పదహారు, బుధవారం. ముందు రోజు సాయంత్రం నేను ఖలీల్‌వాడి ఆయన్ని పిలిపించి కొత్తగా వచ్చిన పుస్తకాల పేర్లు ఎక్కించమన్నాను. పేర్లు చేరేసరికి వరుసలన్నీ కిందికి జరిగాయి. ఇది మాత్రం కావాలని చేయలేదు. నువ్వు నమ్మకపోతే తప్పు నీది కాదు. పొద్దున్నుంచి లింగం పాత వరుసల మీదే నొక్కాడు. చేతికి ఇచ్చిన పుస్తకాలు సరైనవే, బిల్లుల మీద పేర్లన్నీ తప్పు. పన్నెండు గంటలకు వేల్పూర్ వైపు బడి సారు ఒకాయన బిల్లులు పట్టుకుని వచ్చి, అవి చూపిస్తే ఆఫీసులో తనను దొంగ అంటారని నలుగురిలో నా మీద లేచాడు.

దుకాణం నిండా జనం. నేను తెరను లింగం వైపు తిప్పాను.

“గీ లైన్ల ఏమున్నదో చదువు.”

“అద్దాలు ఇంట్ల మర్సిన బావా.”

వాడికి అద్దాలు లేవు. నీకు తెలుసు, నాకూ తెలుసు. నేను నా కళ్లద్దాలు తీసి వాడి ముక్కు మీద పెట్టాను. “ఇగ చదువు” అన్నాను.

వాడు తెర వైపు చూస్తూ నిలబడ్డాడు. పెదవులు కదిలాయి. వెనక ఎవరో ఆడమనిషి “అయ్యో, రాదా?” అన్నది. ఒకరిద్దరు నవ్వారు. వాడు అద్దాలు తీసి, భుజం మీది తువ్వాలతో తుడిచి, వాటి కాడలు మడిచి, “ఇగో బావా” అని బల్ల మీద పెట్టాడు. దుకాణం తాళపు చెవి పక్కన పెట్టాడు. మెట్లు దిగి పోయాడు. ఇంటికి కూడా రాలేదు. వాడి బట్టలు ఇప్పటికీ దండెం మీదే ఉన్నాయి.

ఇప్పుడు ధర సంగతి. హైదరాబాద్ ఆయన వాయిదాల మీద ఇస్తానన్నాడు. మనకు అందని ధర కాదు. లింగానికి చదువు రాదని తెలిసే, చదవనిదే నడవని దాన్ని కొన్నాను. బోర్డు మీద పేరు నాది. కానీ వచ్చే సార్లంతా మెట్లెక్కుతూ, గల్లా దగ్గర నన్ను చూస్తూనే, “లింగం లేడా?” అని అడుగుతారు. పదకొండేళ్లు ఆ మాట విన్నాను. కుళ్లుబోతుతనం అను, ఏమన్నా అను. వాణ్ణి పొమ్మని నేనంటే నీ ముఖం చూడలేను. మిషన్ ముందు కూర్చుని వాడే “నాతోని కాదు బావా” అని లేచిపోతే నా చేతికి మట్టి అంటదని అనుకున్నాను. వాడు లేవలేదు, నేర్చుకున్నాడు. ఆ నేర్చుకోవడం చూస్తే నాకు ఇంకా మండింది. అద్దాలు తీసిన చెయ్యి ఆ మంటతోనే తీసింది. నాకు సిగ్గుగా ఉంది ప్రమీలా. రాత్రిళ్లు దగ్గు వల్ల నిద్ర లేదని వెంకటవ్వకు చెబుతున్నాను, దగ్గు వల్ల కాదు.

మొన్న గురువారం గులాం చెబితే బోధన్ పోయాను. లింగం అక్కడికి మూడు మైళ్ల దూరంలో, మీ చిన్నమ్మ సాయవ్వ ఊళ్లో ఉంటున్నాడు. ఎవరిదో చెరుకు తోటలో కూలికి కలుపు తీస్తున్నాడు. ముంజేతుల నిండా ఆకు కోసిన గాట్లు. గట్టు మీద నన్ను చూసి లేచాడు.

“ఎవలు గావాలె సేఠ్?”

“లింగం, నేను.”

“కనవడ్తున్నవ్.”

“ఆ కూత పెట్టేదే తెప్పిస్త. హైదరాబాద్ ఆయనతోని మాట్లాడిన. దుకాణం నడుస్త లేదు” అన్నాను. అది నిజమే. ఏడో తరగతి ఉర్దూ మీడియం సైన్సు పద్నాలుగు ఉన్నాయని తెర చెబుతుంది. ఎక్కడ ఉన్నాయో నాకు దొరకడం లేదు. సార్లు ఇంకా లింగం లేడా అనే అడుగుతున్నారు.

వాడు చేతికి అంటిన మట్టి రాలుస్తూ, “మిషన్ది తప్పేం లేదు సేఠ్. నన్ను నిలవెట్టి చదువుమన్నది మిషన్ గాదు” అన్నాడు. మళ్లీ కలుపు పీకుతూ, “ఒక్కటి అడుగుత. నాకు చదువు రాదని నీకు ఎర్కైనట్టు అక్కకు చెప్పకు. నా తమ్ముడు ఏడో తరగతి పాసని అక్క నీకు చెప్పింది. పదకొండేండ్లు గా మాట కాపాడుకున్నది. అక్క తల దించకు” అన్నాడు.

సరే అన్నాను. ఈ ఉత్తరంతో ఆ మాట కూడా తప్పాను. నాకు ముందే తెలుసని, తెలిసే ఆ సాఫ్ట్‌వేర్ కొన్నానని వాడికి చెప్పలేదు. కోపంలో నోరు జారానని వాడు అనుకుంటున్నాడు. చెప్పడానికి గట్టు మీద గంటసేపు కూర్చున్నాను. వాడు సాళ్ల వెంట దూరం పోతూనే ఉన్నాడు. ఆఖరి బస్సుకు తిరిగి వచ్చాను.

నువ్వు వచ్చాక నాతో మాట్లాడకపోయినా, అసలు ఈ ఇంటికే రాకపోయినా నేను కాదనలేను. కానీ వాడి దగ్గరికి తప్పకుండా పో. పోతే నీకేమీ తెలియనట్టే ఉండు. బావకు తెలిసిపోయిందని అక్కకు తెలియదు అని వాడు నమ్ముకున్నది ఒక్కటే మిగిలింది, అందులో సగం నేను తీసేశాను. మిగిలిన సగం నీ చేతుల్లో ఉంది. అసలు సంగతి వాడికి చెప్పాలనుకుంటే మాత్రం కబురు పంపు, నేనే వచ్చి వాడి ముందు నిలబడి చెబుతాను.

చదివాక ఈ కాగితం అమ్మాయి కంట పడకుండా చూడు. వాడి మీద ఉన్న మర్యాద దానికైనా ఉండనీ. మనవరాలిని ముద్దాడానని చెప్పు.

ఇట్లు,
నీ భర్త
రాజనర్సు.

(ఈ పేరు పైన కొట్టివేత ఉంటుంది. అక్కడ ఎప్పటి ఉత్తరాల్లోలాగే అలవాటు కొద్దీ ‘లింగం బావ’ అని రాశాను, వాడు ఇప్పుడు నన్ను సేఠ్ అంటున్నాడని కొట్టేశాను.)