కెపాసిటర్ల మిగిలిన కరెంట్

గద్వాల, మంగళవారం రాత్రి

దుకాణంల నాతోని పనిచేసే ఖాజాభాయ్ ఫోన్ ఎత్తుతలేడు. నాలుగుసార్లు చేసిన.

పొద్దుగాల మా రిపేర్ దుకాణానికి అమరచింతకెల్లి పాత గిటార్ ఆంప్, సౌండ్ పెంచే డబ్బా, వచ్చింది. దాని సర్క్యూట్ నక్ష యాడ దొరకదు. అందుకే ఇప్పి, ఏ వైర్ యాడికి పోతుందో ఇద్దరం కాగితం మీద గీస్తున్నం. ప్లగ్ పీకినా పెద్ద కెపాసిటర్ల కరెంట్ ఉంటది, ముందుగాల బల్బు తగిలించి ఆ కరెంట్ దించాలె. ఇరవై ఏండ్ల సంది దించుతున్న. ఇయ్యాల ఆత్రంల మర్సిన.

ఖాజాభాయ్ లోపల వేలు పెట్టి ఎన్కకు ఎగిరిపడ్డడు. నేను నవ్విన! "లే భాయ్, ఆక్టింగ్ బంద్ చెయ్, బిర్యాని తినిపిస్త" అన్న. చిన్న కెపాసిటర్లకు కరెంటెక్కిచ్చి ఆయన మీదికి ఇసిరేది రోజు నేనే గద, ఇయ్యాల బదులు తీర్సుకుంటుండు అనుకున్న. పెదవులు తెల్లవడ్డంక తెలిసింది.

దవాఖానల కండ్లు తెరిసి, "నీ నవ్వు ఇనవడ్డది రా, లేద్దామంటే రాలే" అన్నడు. గుండె పరీక్ష చేసిన డాక్టర్, రాత్రంతా జర చూస్కోండ్రి అని ధరూర్ల ఉన్న ఆయన ఇంటికి పంపిండు.

ఐదోసారి చేసిన. రింగయితనే ఉంది. నన్ను సతాయించనీకె ఎత్తుతలేడా? గట్లనే గావాలె.

అయినా బండి తీస్త. తలుపు తీసి, నా మొఖం చూసి ఆయన నవ్వాలె.