అయిదు గంటల దారి

ఒసే రూతూ,

నిన్న ఉదయగిరిలో అమ్మ పక్కనే నిన్ను పూడ్చాం. కువైట్‌లో నీ పెట్టెను విమానం ఎక్కించారని తెలిసినప్పుడు నా మనవరాలు ఫోన్లో చూసి చెప్పింది: "అవ్వా, చెన్నైకి మూడు వేల ఏడొందల కిలోమీటర్ల పైనే ఉండాది. అయినా అయిదు గంటలేనంట!"

ఇక్కడి నుంచి చెన్నైకి మన బస్సుకే ఏడు గంటలు పడుతుంది.

మరి అమ్మ పోయిన రోజు ఫోన్లో ఏమన్నావు? "మూడు దినాల దారి అక్కా, నేను అందుకోలేను, కానిచ్చేయండి" అన్నావు. ఆత్మకూరు బడిలో ముప్పై ఏళ్ళు భూగోళం చెప్పినదాన్ని, ఆ మాట నమ్మాను. నాకంటే గోడకు వేలాడిన మ్యాపు నయం.

"ఆమె పనిచేసే ఇంటోళ్ళు పాస్‌పోర్టు పెట్టుకోని ఉంటారు అవ్వా, ఇచ్చుండరు" అని మనవరాలు నిన్ను వెనకేసుకొచ్చింది. అయితే ఆ మాటే చెప్పి ఏడవలేకపోయావా? దూరం మీదకు నెట్టడమెందుకు?

ఆ రోజు అమ్మ గుంటలో బిడ్డలంతా తలా పిడికెడు మన్ను వేస్తుంటే, పాస్టరుగారు "రూతు పేరున కూడా నువ్వే వెయ్యమ్మా" అన్నారు. "అదే వచ్చి వేసుకుంటుంది" అని కసిరాను.

నిన్న నీ గుంట దగ్గర నా చేతికీ మన్ను ఇచ్చారు. నీ మీద వేయలేదు. రెండడుగులు పక్కకు వెళ్ళి, అమ్మ సమాధి మీద నీ పేరున వేశాను.

నా పిడికెడు మాత్రం నీకు దక్కలేదు. నాకింకా కోపం తగ్గలేదు.

నీ అక్క